పెద్దవయసులో క్యాన్సర్ బయటపడ్డాక మెడికేర్ మందుల ప్లాన్ ఎంచుకోవడం ఎలా

ఆంకాలజిస్టు రాసిన మందు క్లినిక్‌లో కూర్చోబెట్టి సూదితో ఎక్కించేదా, ఇంటికి తెచ్చుకుని మింగేదా? అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మీద ఉన్నవాళ్లకు ఖర్చు లెక్క ఇక్కడే రెండు పాయలవుతుంది. ఇది తేల్చుకోకుండా ప్రీమియాలు పోల్చుకుంటూ కూర్చుంటే, అసలు మందుకే పనికిరాని ప్లాన్ నెత్తిన పడుతుంది. మీకోసం చూసుకుంటున్నా, అమ్మానాన్నలకో అత్తమామలకో చూసిపెడుతున్నా వరస ఒకటే. ఇక్కడిచ్చిన అంకెలు, వేరే ఏడాది చెప్పని చోటల్లా, 2026వి. ఏటా జనవరిలో మారతాయి.

మందుల జాబితా సరిగ్గా రాసుకోండి

నర్సునో, క్లినిక్‌లో ఉండే ఫార్మసిస్టునో అడిగి ప్రతి మందుకూ ఐదు సంగతులు రాసుకోండి: జెనరిక్ పేరు, బ్రాండ్ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, మాత్రా క్యాప్సూలా, ఎన్ని రోజులకు ఎన్ని. ఎక్కువమంది తప్పేది ఆఖరిదాంట్లోనే. రొమ్ము క్యాన్సర్‌కు వాడే పాల్బోసిక్లిబ్‌ను 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతారు. అంటే 28 రోజులకు 21. అలవాటుకొద్దీ నెలకు 30 అని కొడితే వెబ్‌సైటు చూపే ఖర్చంతా తప్పే.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే అబిరాటెరోన్ మామూలు మోతాదు రోజుకు 1,000 మిల్లీగ్రాములు. 250 మాత్రలైతే నెలకు 120, 500వి అయితే 60. మందు ఒకటే అయినా ఈ రెంటికీ ధర వేరు, ప్లాన్‌లో టియర్ (ధరను బట్టి మందులను పెట్టే మెట్టు) కూడా వేరు కావచ్చు. సాధారణంగా 250 జెనరిక్ బాగా చవక. ఒకేసారి నాలుగు మాత్రలు మింగడం ఇబ్బంది కాకపోతే అదే రాయమని డాక్టరును అడగండి.

బీపీ, షుగరు, థైరాయిడ్ మందులూ జాబితాలో చేర్చండి. ఇంకో ప్రశ్న కూడా అడిగి పెట్టుకోండి: "ఈ మందు పనిచేయకపోతే తరవాత ఏది రాస్తారు?" ఏడాది మధ్యలో మందు మారొచ్చు గానీ ప్లాన్ మార్చుకోవడం అంత తేలిక కాదు. ఆ రెండో మందు పేరును కూడా పక్కన పెట్టుకుని ప్లాన్లు చూడటం మంచిది.

ఏ మందు పార్ట్ బి, ఏది పార్ట్ డి

క్లినిక్‌లో ఎక్కించే కీమో, ఇమ్యునోథెరపీ, అక్కడే వేసే హార్మోన్ ఇంజెక్షన్లు పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్లు, క్లినిక్ వైద్యం చూసే భాగం) కిందికి వస్తాయి. డిడక్టిబుల్ (బీమా మొదలయ్యే ముందు మీరే కట్టేది) 283 డాలర్లు పోయాక 20 శాతం మీ వంతు. ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్‌లో ఈ 20 శాతానికి పైహద్దు లేదు. దాన్ని మెడిగ్యాప్ అనే అదనపు ప్రైవేటు బీమా మోస్తుంది, లేకపోతే మీరే మోయాలి.

ఇంట్లో మింగే మాత్రల్లో చాలావరకు పార్ట్ డి, అంటే మందుల ప్లాన్ కిందికి వస్తాయి: లెట్రొజోల్, అనాస్ట్రొజోల్, టమాక్సిఫెన్, ఇమాటినిబ్, ఇబ్రుటినిబ్, ఓసిమెర్టినిబ్, ఎంజలుటమైడ్, లెనలిడొమైడ్. అయితే మాత్ర కాబట్టి పార్ట్ డి అని కళ్లు మూసుకుని అనుకోకండి. అదే మందు ఇంజెక్షన్ రూపంలోనూ ఉంటే, లేదా ఒంట్లోకి వెళ్లాక అలాంటి ఇంజెక్షన్ మందుగా మారేదైతే, క్యాన్సర్‌కు వాడినప్పుడు ఆ మాత్ర పార్ట్ బి కిందికి పోతుంది. కేపసిటబిన్, టెమొజొలొమైడ్ ఈ రకం. కీమోకు ముందూ తరవాతా వాంతులు రాకుండా సూదిమందు బదులు ఇచ్చే మాత్రలు కూడా, కీమో జరిగిన 48 గంటల్లోపు వాడేవైతే, పార్ట్ బియే. ఆ తరవాత ఇంట్లో వికారానికి వేసుకునేవి పార్ట్ డి. తెల్లకణాలు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ క్లినిక్‌లో వేస్తే బి, ఇంట్లో మీరే పొడుచుకుంటే డి.

కౌంటర్ దగ్గర గొడవ మొదలయ్యేది కూడా ఇక్కడే. కేపసిటబిన్‌ను ఫార్మసీవాళ్లు పార్ట్ డికి పంపుతారు, ప్లాన్ తిప్పికొడుతుంది, "మీకు కవరేజి లేదు" అంటారు. నిజానికి కవరేజి ఉంది, బిల్లు వెళ్లిన దారే తప్పు. పైగా పార్ట్ బికి మాత్రల బిల్లు పెట్టడానికి ఫార్మసీ మెడికేర్‌లో సరఫరాదారుగా నమోదై ఉండాలి, వీధి చివర ఉన్న ప్రతి ఫార్మసీకీ అది ఉండదు. ముందే ఫోన్ చేసి "నోటి కీమోకు పార్ట్ బి బిల్లు పెడతారా?" అని అడగండి. లేదంటే క్యాన్సర్ సెంటర్ సొంత ఫార్మసీకి వెళ్లండి.

జాబితాలో ప్రతి మందు పక్కనా బి అనో డి అనో గుర్తు పెట్టుకున్నాకే ముందుకు కదలండి.

ఇప్పుడు మీ చేతిలో ఏముంది?

పార్ట్ డి రెండు రకాలుగా దొరుకుతుంది. ఒరిజినల్ మెడికేర్‌తో పాటు విడిగా తీసుకునే మందుల ప్లాన్ ఒకటి. ఒరిజినల్ మెడికేర్‌కు బదులు ప్రైవేటు కంపెనీ నడిపే, మందులు కూడా కలిపి ఇచ్చే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ రెండోది. ఏ రకమైనా, పార్ట్ డి ప్లాన్ మీ జబ్బు చూసి కాదనకూడదు, జబ్బు ఉందని ప్రీమియం పెంచకూడదు. క్యాన్సర్ ఉన్నా లేకున్నా ధర ఒకటే.

మెడిగ్యాప్ సంగతి అలా కాదు. 65 దాటి పార్ట్ బి మొదలైన తొలి 6 నెలల్లో మాత్రమే జబ్బుతో నిమిత్తం లేకుండా ఇవ్వాలి. ఆ తరవాత చాలా రాష్ట్రాల్లో ఆరోగ్య ప్రశ్నలు అడిగి కాదనవచ్చు. న్యూయార్క్, కనెటికట్, మసాచుసెట్స్, మెయిన్ రాష్ట్రాల్లో నిబంధనలు ఉదారంగా ఉన్నాయి. కాబట్టి అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉన్నవాళ్లు మందుల ప్లాన్ నచ్చలేదని ఒరిజినల్ మెడికేర్‌కు దూకే ముందు మెడిగ్యాప్ చేతికొచ్చిందో లేదో చూసుకోవాలి. అది లేకుండా దూకితే ఎక్కించే మందుల 20 శాతం హద్దు లేకుండా మీద పడుతుంది.

ఇంతకన్నా ఘోరమైన పొరపాటు ఇంకొకటుంది. హెచ్‌ఎంఓ లేదా పీపీఓ రకం (డాక్టర్ల నెట్‌వర్క్‌తో నడిచే) అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉండగా, మంచి మందుల ప్లాన్ కనిపించిందని విడిగా పార్ట్ డికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే, అడ్వాంటేజ్ ప్లాన్ నుంచి దానంతటదే పేరు పోతుంది. పిల్లలు మంచికే చేస్తారు, అడ్వాంటేజ్ ప్లాన్ జారిపోయి ఒరిజినల్ మెడికేర్‌లో పడ్డామని జనవరిలో బిల్లు వచ్చాక తెలుస్తుంది.

పాత యజమాని ఇచ్చే రిటైరీ ఇన్సూరెన్స్ ఉంటే, పార్ట్ డి తీసుకోగానే అది మొత్తం రద్దు కావచ్చు, కొన్నిచోట్ల భార్యది లేదా భర్తది కూడా. ముందు ఆ కంపెనీ బెనిఫిట్స్ ఆఫీసును అడగండి.

గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రుల విషయం ఒకమాట. వయసు 65 నిండి, గ్రీన్‌కార్డుతో 5 ఏళ్లు వరుసగా ఇక్కడ నివసించి ఉంటే మెడికేర్ కొనుక్కోవచ్చు. 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లేకపోతే ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎకు నెలకు 565 డాలర్ల దాకా కట్టాలి. కొడుకూ కూతురూ పనిచేసిన క్వార్టర్లు తల్లిదండ్రులకు లెక్కలోకి రావు, భార్యాభర్తలవే వస్తాయి. కానీ పార్ట్ బి ఒక్కటే ఉన్నా పార్ట్ డిలో చేరవచ్చు. పార్ట్ బి నెలకు 202.90 డాలర్లు. అడ్వాంటేజ్, మెడిగ్యాప్ కావాలంటే మాత్రం ఎ, బి రెండూ ఉండాలి. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లకు ఇందులో ఏదీ వర్తించదు.

తేదీలు

ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు ప్లాన్ మార్చుకోవచ్చు, కొత్తది జనవరి 1న మొదలవుతుంది. అడ్వాంటేజ్‌లో ఉన్నవాళ్లకు జనవరి 1 నుంచి మార్చి 31 వరకు ఒకసారి మార్చుకునే వీలుంది. మిగతా ఏడాదంతా తలుపు మూసే ఉంటుంది. క్యాన్సర్ బయటపడింది కదా అని మామూలు ప్లాన్లలో మధ్యలో మారనివ్వరు. వేరే రాష్ట్రానికి ఇల్లు మారడం, ఉద్యోగ కవరేజి పోవడం, ఎక్స్‌ట్రా హెల్ప్ (తక్కువ ఆదాయంవాళ్లకు మందుల ఖర్చులో ఇచ్చే సాయం) రావడం లాంటి కారణాలుంటేనే మధ్యలో తెరుచుకుంటుంది. మీ ప్రాంతంలో 5 నక్షత్రాల రేటింగ్ ఉన్న ప్లాన్ ఉంటే డిసెంబర్ 8 నుంచి మరుసటి నవంబర్ 30 లోపు ఒకసారి దానిలోకి మారవచ్చు.

"మందులేవీ వాడటం లేదుగా" అని ఇన్నాళ్లూ పార్ట్ డి తీసుకోనివాళ్లకు జరిమానా ఉంటుంది. పార్ట్ డికి సమానమైన మందుల కవరేజి లేకుండా వరుసగా 63 రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ గడిస్తే, కవరేజి లేని ప్రతి నెలకూ దేశమంతటికీ లెక్కకు పెట్టుకునే ప్రాతిపదిక ప్రీమియం 38.99 డాలర్లలో 1 శాతం లెక్కేస్తారు. 30 నెలలు ఆలస్యమైతే నెలకు 11.70 డాలర్లు, పార్ట్ డి ఉన్నంతకాలం. జరిమానాకు భయపడి ఇంకా ఆలస్యం చేయడం మాత్రం తెలివితక్కువ. నెలకు వేల డాలర్ల మందు ముందు ఇదొక లెక్కలోది కాదు.

డబ్బు లెక్క

2006లో పార్ట్ డి మొదలైనప్పటి నుంచి డోనట్ హోల్ (ఏడాది మధ్యలో కవరేజి తగ్గి ఖర్చు మీద పడే దశ) పేరు చెబితేనే పెద్దవాళ్లు భయపడేవారు. 2025 జనవరి నుంచి అది లేదు. ఇప్పుడు మీ జేబు నుంచి పోయేదానికి ఏడాదికి 2,100 డాలర్ల హద్దు ఉంది. అది దాటాక డిసెంబర్ 31 వరకు పార్ట్ డి మందులకు మీరు ఇచ్చేది సున్నా.

ప్రామాణిక ప్లాన్‌లో ముందు 615 డాలర్ల డిడక్టిబుల్, తరవాత ధరలో 25 శాతం. 615 పోయాక హద్దుకు మిగిలింది 1,485. అది 25 శాతం అవ్వాలంటే మందు ధర 5,940 ఉండాలి. అంటే మొత్తం 6,555 డాలర్ల ధర దాటిన మందైతే జనవరిలో తొలి సీసాతోనే 2,100 అయిపోతుంది. ఇబ్రుటినిబ్‌కు మెడికేర్ బేరమాడి తగ్గించిన ధర కూడా 30 రోజులకు 9,319 డాలర్లు. ఎలాగూ హద్దు తగిలేదే.

కాబట్టి ఖరీదైన మందు వాడేవాళ్లకు "డిడక్టిబుల్ లేదు" అన్న ప్రకటన మీద మోజు పడే పని లేదు. ఏ ప్లాన్ అయినా హద్దు దాటదు. నెలకు 70 డాలర్ల ప్రీమియం ఎక్కువుంటే ఏడాదికి 840 అదనం, దానికి బదులు ఏమొస్తుందో చూడండి. కొన్ని మెరుగైన ప్లాన్లు తాము భరించే అదనపు భాగాన్ని కూడా మీ హద్దులో కలుపుకుంటాయి. వాటికి వెబ్‌సైటు 2,100 కన్నా తక్కువ చూపిస్తే పొరపాటనుకోకండి.

లెట్రొజోల్ లాంటి చవక జెనరిక్ ఒక్కటే వాడుతుంటే లెక్క తిరగబడుతుంది. మీరు హద్దు దరిదాపులకు కూడా రారు. అప్పుడు చూడాల్సింది ప్రీమియం, ఆ మందు ఏ టియర్‌లో ఉంది, ఆ టియర్‌కు డిడక్టిబుల్ వర్తిస్తుందా అన్నవే.

హద్దులోకి రానివి గుర్తుంచుకోండి: ప్రీమియం, పార్ట్ బి మందుల 20 శాతం, ప్లాన్ జాబితాలో లేని మందులు. హైదరాబాద్ నుంచి చుట్టాలు తెచ్చిన జెనరిక్ మాత్రలకు పెట్టిన డబ్బూ రాదు. అమెరికా బయట కొన్న మందుకు పార్ట్ డి పైసా ఇవ్వదు. అడ్వాంటేజ్‌లో పార్ట్ బి మందుల ఖర్చు వైద్యం తాలూకు హద్దులో కలుస్తుంది, అది నెట్‌వర్క్‌లో 9,250 డాలర్లకు మించకూడదు. ఈ హద్దు ప్లాన్‌ను బట్టి తక్కువ కూడా ఉంటుంది గనుక, కీమో ఎక్కించుకునేవాళ్లు అడ్వాంటేజ్ ప్లాన్లలో ముందు చూడాల్సిన అంకె ఇదే.

మెడికేర్ డాట్ గవ్‌లో పోల్చడం

జిప్ కోడ్ కొట్టి, పార్ట్ డి గుర్తున్న మందులే ఎక్కించండి. బి మందులు వేస్తే లెక్క చెడుతుంది. ఐదు ఫార్మసీల దాకా ఎంచుకోవచ్చు. మీ వీధి ఫార్మసీ, ఒక మెయిల్ ఆర్డర్, క్యాన్సర్ సెంటర్ ఫార్మసీ పెట్టండి. ప్రీమియం, మందులు కలిపి ఏడాదికి అయ్యే మొత్తం బట్టి వరస పెట్టించండి. ప్రీమియం ఒక్కటే చూసి ఆగకండి. పైనున్న మూడు ప్లాన్లు తీసుకుని, ఒక్కోదానిలో ప్రతి మందు పక్కనా ఉన్న గుర్తులు చదవండి: ప్రయర్ ఆథరైజేషన్ (ప్లాన్ ముందస్తు అనుమతి), స్టెప్ థెరపీ (ముందు వేరే మందు వాడి చూడాలనడం), క్వాంటిటీ లిమిట్ (ఎన్ని ఇస్తారన్న హద్దు).

క్యాన్సర్ మందులు మెడికేర్ రక్షించిన ఆరు తరగతుల్లో ఒకటి. దాదాపు అన్నీ ప్రతి ప్లాన్ జాబితాలోనూ ఉండాలి. కాబట్టి ప్లాన్ల మధ్య నిజమైన తేడా అనుమతి ఎంత తేలిగ్గా వస్తుంది, మందు ఏ ఫార్మసీ నుంచి వస్తుంది అన్నదాంట్లో ఉంటుంది. కొన్ని మందులు కంపెనీ ఎంచుకున్న కొద్ది స్పెషాల్టీ ఫార్మసీల్లోనే (ఇలాంటి ఖరీదైన మందులు చూసే ప్రత్యేక ఫార్మసీలు) దొరుకుతాయి. ప్లాన్‌కు ఆ ఫార్మసీతో ఒప్పందం లేకపోతే మొదటి సీసాకే వారాలు పడుతుంది.

తేల్చుకున్నాక ప్లాన్‌కు నేరుగా ఫోన్ చేయండి. ఇవి అడగండి: ఈ మోతాదులో, ఈ సంఖ్యలో కవరా? అనుమతి కావాలా, దానికి ఏ కాగితాలు? ఏ స్పెషాల్టీ ఫార్మసీ? నెల రోజుల సరఫరాయేనా, 90 రోజులు ఇస్తారా? మాట్లాడినవాళ్ల పేరు, తేదీ, రిఫరెన్స్ నంబరు రాసుకోండి. ఒకే కంపెనీకి ఒకేలాంటి పేర్లతో మూడు నాలుగు ప్లాన్లుంటాయి. అందుకని ప్లాన్ పేరుతో పాటు దాని ఐడీ నంబరు కూడా సరిపోల్చుకోండి.

ఎవరి కమిషన్‌తోనూ పనిలేని సలహా కావాలంటే ప్రతి రాష్ట్రంలోనూ షిప్ పేరుతో ఉచిత కౌన్సెలర్లుంటారు. ఫోన్ 877-839-2675. మెడికేర్ నంబరు 1-800-633-4227. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లయితే అనువాదకుణ్ణి అడగండి, దానికి డబ్బు తీసుకోరు.

జనవరి దెబ్బను 12 వాయిదాలుగా చేయడం

2,100 డాలర్లు ఒక్కసారే కట్టలేకపోతే మెడికేర్ ప్రిస్క్రిప్షన్ పేమెంట్ ప్లాన్ ఉంది. వడ్డీ లేదు, ఫీజు లేదు. జనవరికి ముందే చేరితే నెలకు 175 డాలర్లు. సెప్టెంబర్‌లో చేరితే మిగిలిన 4 నెలల్లోనే సర్దాలి కాబట్టి ఉపయోగం తక్కువ. ఇందులో ఫార్మసీ దగ్గర చేరలేరు, ఇన్సూరెన్స్ కంపెనీకే చెప్పాలి. ఇది ఖర్చు తగ్గించదు, పంచుతుంది, అంతే.

ఖర్చు నిజంగా తగ్గించేది ఎక్స్‌ట్రా హెల్ప్. 2025లో ఏడాది ఆదాయం ఒంటరివాళ్లకు 23,475, దంపతులకు 31,725 డాలర్ల లోపు, ఆస్తి 17,600, 35,130 లోపు ఉండాలి. ఈ హద్దులు ఏటా కాస్త పెరుగుతాయి. ఉంటున్న ఇల్లు, కారు లెక్కలోకి రావు. కానీ ఉంటున్న ఇల్లు కాక వేరే స్థిరాస్తి ఉందా అని దరఖాస్తులో అడుగుతారు. ఊళ్లో పొలం, ప్లాట్ దాచకుండా రాయండి, సంతకం పెట్టే కాగితం అది. ఇది వస్తే జెనరిక్‌కు 5.10, బ్రాండ్‌కు 12.65 డాలర్లకు మించదు, ఆలస్య జరిమానా పోతుంది, నెలకొకసారి విడి మందుల ప్లాన్‌కు మారే వీలూ వస్తుంది. దరఖాస్తు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు.

మందు కంపెనీ ఇచ్చే కోపే కార్డు (మీ వంతు తగ్గించే కార్డు) మెడికేర్‌వాళ్లకు చెల్లదు, చట్టం ఒప్పుకోదు. బదులుగా ప్యాన్ ఫౌండేషన్, హెల్త్‌వెల్ ఫౌండేషన్ లాంటి సేవాసంస్థలకు దరఖాస్తు పెట్టవచ్చు. వాళ్లిచ్చిన డబ్బు మీ 2,100 హద్దులో కలుస్తుంది. నిధి అయిపోతే ఆ జబ్బుకు తలుపు మూసేస్తారు, మళ్లీ తెరిచినప్పుడు వెంటనే పెట్టాలి.

ప్లాన్ కాదంటే

కొత్త ప్లాన్‌లో మొదటి 90 రోజుల్లో, ఇప్పటికే వాడుతున్న మందుకు అనుమతి లేదని ఆపితే, కనీసం ఒక నెల సరఫరా తాత్కాలికంగా ఇవ్వాలి. ఫార్మసీవాళ్లకు "ట్రాన్సిషన్ ఫిల్" అనే మాట చెప్పండి, వాళ్లకు తెలుసు. ఆ నెలలోనే డాక్టరు చేత అనుమతి కాగితం పెట్టించండి. మామూలుగా 72 గంటల్లో, అత్యవసరమని డాక్టరు రాస్తే 24 గంటల్లో నిర్ణయం చెప్పాలి. క్యాన్సర్ మందుకు అత్యవసరం అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. కాదంటే 65 రోజుల్లో మీరు అప్పీలు పెట్టాలి, దానికి ప్లాన్ 7 రోజుల్లో, అత్యవసరమైతే 72 గంటల్లో జవాబు చెప్పాలి.

ఎక్కువ తిరస్కారాలు మందు బాగాలేదని రావు, కాగితంలో లోటు వల్ల వస్తాయి. బయాప్సీ రిపోర్టు, జన్యు పరీక్ష ఫలితం, ఇంతకుముందు వాడిన మందులు, ఎందుకు ఆపారు అన్నవి జతచేశారో లేదో క్లినిక్‌ను అడగండి. ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఆమోదించని వాడకమైతే, క్యాన్సర్ సెంటర్ల సంఘం ఎన్‌సీసీఎన్ సూచనల్లాంటి, మెడికేర్ ఒప్పుకునే ఆధారాల్లో ఆ వాడకం ఎక్కడ ఉందో డాక్టరు పేర్కొనాలి. అలాంటి ఆధారం ఏదీ లేకపోతే ప్లాన్‌కు ఒప్పుకునే వీలే ఉండదు. మరొకటి: స్పెషాల్టీ టియర్‌లో (అత్యంత ఖరీదైన మందుల మెట్టు) ఉన్న మందును కింది టియర్ ధరకు ఇమ్మని అడిగితే ప్లాన్ వినాల్సిన పనిలేదు. ఆ అప్పీలుకు సమయం పోసే బదులు పైన చెప్పిన సాయాల కోసం తిరగండి.

మారాక చేసే పని

సెప్టెంబర్ 30 లోపు ప్లాన్ నుంచి వచ్చే ఏడాది మార్పుల నోటీసు వస్తుంది. చెత్త ఉత్తరాల్లో పడేయకండి. మీ మందు టియర్ మారిందా, ప్రయర్ ఆథరైజేషన్ కొత్తగా చేరిందా చూసి, అక్టోబర్ 15న మళ్లీ మొదటి నుంచి పోల్చండి. ఈ ఏడాది మంచిదైన ప్లాన్ వచ్చే ఏడాదీ అలాగే ఉంటుందని నమ్మకం లేదు.

కొత్త ప్లాన్ తీసుకుంటే డిసెంబర్ మూడో వారంలో పాత ప్లాన్ మీద చివరి సీసా తెప్పించండి, జనవరిలో అనుమతి ఆలస్యమైనా మోతాదు తప్పదు. కొత్త కార్డు నంబర్లు స్పెషాల్టీ ఫార్మసీకి, క్లినిక్‌కు విడివిడిగా ఇవ్వండి. ఒకరికి ఇస్తే ఇంకొకరికి చేరదు. సంక్రాంతికో పెళ్లికో ఇండియా వెళ్తుంటే నెల ముందే "వెకేషన్ ఓవర్‌రైడ్" (ప్రయాణం కోసం గడువుకు ముందే మందు ఇవ్వడం) అడగండి. ఖరీదైన మాత్రలకు ఒక నెలకు మించి ఇవ్వనంటే, ఎన్ని రోజులకు సరిపోతాయో చూసుకుని అప్పుడు టికెట్ కొనండి.